అల్మారాలో చచ్చిపోయే రీళ్లు: సముద్రపు గాలం వేటపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌కు సముద్రం లేకపోయినా సముద్రపు ఉప్పు మాత్రం మా ఇంటికి వస్తూనే ఉంటుంది, గాలం దారం చుట్టే రీళ్లలో దాక్కుని. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారాక విశాఖలో దిగి, బోటు మాట్లాడుకుని వంజరం కోసమో సూర చేప కోసమో లోపలికి వెళ్లొచ్చేవాళ్లు మా ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల రీళ్లు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి ఇవ్వడం నా సెలవు రోజుల పని. నా బల్ల మీదికి వచ్చేవాటిలో చేప విరగ్గొట్టిన రీలు ఎప్పుడో ఒకటి. మిగతావన్నీ వేట బాగానే చేసి, ఇంటికొచ్చాక పాడైనవి. ఏం చేశావని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "గట్లనే చెయ్యాలని ఎవరో చెప్పిన్రన్నా." ఆ ఎవరో చెప్పినవే ఇవి.

అపోహ: పెద్ద చేప పడాలంటే డ్రాగ్ ఫుల్లుగా బిగించాలి.

వాస్తవం: లైన్ (గాలం దారం) చుట్టి ఉండే చక్రం స్పూల్. దాన్ని పట్టి ఉంచే వాషర్ల పొరలే డ్రాగ్. చేప లాగే బలం ఆ పట్టును దాటగానే స్పూల్ జారి లైన్ వదులుతుంది. వదలడమే దాని ఉద్యోగం. పూర్తిగా బిగించేస్తే చేప మొదటి పరుగులోనే లైన్ తెగుతుంది, లేదా నోట్లోంచి గాలం ఊడుతుంది. ముడి దగ్గర లైన్ బలం ముందే కొంత తగ్గి ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కువమంది పాటించే లెక్క: లైన్ తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 50 పౌండ్ల లైన్ అంటే సుమారు 23 కిలోలకు తెగేది, డ్రాగ్ 6 నుంచి 7 కిలోల దగ్గర ఉండాలి. చేత్తో లాగి "సరిపోయింది" అనేవాళ్లను నేను నమ్మను, నా చేతిని కూడా నమ్మను. సూట్‌కేసు బరువు చూసే కొక్కెం తూకం ఒకటి కొనుక్కోండి. అదీ లేదంటే 5 లీటర్ల నీళ్లున్న బకెట్‌ను లైన్‌కు కట్టి రాడ్‌తో ఎత్తండి. బకెట్ బరువు కూడా కలిపి, ఐదున్నర కిలోల దగ్గర డ్రాగ్ జారుతోందో లేదో తెలిసిపోతుంది.

చాలామంది పట్టించుకోని లెక్క ఇంకోటి ఉంది. నిండు స్పూల్ మీద 7 కిలోలకు పెట్టిన డ్రాగ్, లైన్ బయటికి పోయి చుట్ట వ్యాసం సగానికి తగ్గేసరికి మీరు ముట్టుకోకుండానే 14 కిలోలవుతుంది. నీళ్లలో ఉన్న లైన్ మీద పడే ఒత్తిడి దీనికి అదనం. చేప దూరం పోయేకొద్దీ టెన్షన్‌తో ఇంకా బిగిస్తారు చూశారా, సరిగ్గా అప్పుడే కొంచెం వదులు చేయాలి. మీట జరిపి డ్రాగ్ మార్చే లివర్ డ్రాగ్ రీలు వాడేవాళ్లకు ఒక మాట: డ్రాగ్ ఎంత ఉండాలో ముందే పెట్టుకునే ప్రీసెట్ నాబ్‌ను లివర్ పూర్తిగా వెనక్కి, ఫ్రీ దగ్గర ఉన్నప్పుడే తిప్పండి. లోడ్ మీద తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

రీలులో డ్రాగ్ లేని రోజుల్లో చేప పరిగెత్తితే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్లు విరగ్గొట్టేది. తోలు ముక్కను బొటనవేలితో స్పూల్ మీద నొక్కడమే అప్పటి డ్రాగ్. నక్షత్రం ఆకారపు చక్రం తిప్పి డ్రాగ్ బిగించే స్టార్ డ్రాగ్ రీలుతో విలియం బోషెన్ 1913లో కాలిఫోర్నియాలోని కాటలీనా దీవి దగ్గర కత్తిమూతి చేపను పట్టాడు. ఫుల్లుగా బిగించి వాడేవాళ్లు చేతిలో ఉన్న ఆ పరికరాన్ని మళ్లీ వందేళ్లు వెనక్కి తీసుకెళ్తున్నట్టే.

అపోహ: "డ్రాగ్ పోయింది, కొత్త వాషర్లు వెయ్యండి."

వాస్తవం: పోయినేడాది ఒక కుర్రాడు ఇదే మాటతో వచ్చాడు. హ్యాండిల్ తిప్పుతుంటే లైన్ రావట్లేదట. విప్పి చూస్తే వాషర్లు కొత్తవాటిలా ఉన్నాయి. అసలు సంగతేమిటంటే సన్నని పోగులతో అల్లిన బ్రెయిడ్ లైన్‌ను నేరుగా స్పూల్‌కు కట్టేశాడు. బ్రెయిడ్ నున్నగా ఉంటుంది, సాగదు. దాంతో స్పూల్ మీద పట్టు దొరక్క చుట్ట మొత్తం ఉండలా జారి తిరుగుతోంది. అడుగున కొన్ని చుట్లు మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) వేసి, దాని మీద బ్రెయిడ్‌ను తడిపి, వేళ్ల మధ్య గట్టిగా లాగిపెట్టి చుట్టాం. ఖర్చు సున్నా. చాయ్ కూడా వాడే తాగించాడు.

అపోహ: ఇంటికి రాగానే నల్లా కింద ఫోర్సుగా కడగాలి, లేదా రాత్రంతా బకెట్‌లో నానబెట్టాలి.

వాస్తవం: అత్యధికంగా రీళ్లను చంపేది ఇదే. ఒత్తిడితో కొట్టిన నీళ్లు బయటి ఉప్పును వెంటబెట్టుకుని సీళ్ల సందుల్లోంచి లోపలికి దూరతాయి. నానబెట్టినా అంతే. చేయాల్సింది చాలా చిన్న పని. ముందు డ్రాగ్ బిగించండి, అప్పుడు వాషర్లలోకి నీళ్లు పోవు. సన్నని జల్లులా మంచినీళ్లు పోసి, మెత్తని గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచండి. బిగించి దాస్తే వాషర్లు నొక్కుకుపోయి, తర్వాతి వేటలో డ్రాగ్ పట్టి పట్టి వదులుతుంది. ఆ కుదుపులకే లైన్లు తెగుతాయి.

మన ఊరికి ప్రత్యేకంగా ఒక సంగతి. చాలా కాలనీల్లో బోరు నీళ్లు కఠినం, ఆరాక తెల్లటి పొర కడతాయి. బకెట్ల సంగతి మనకు తెలిసిందేగా. చివరిసారి మంజీరా నీళ్లతోనో ఫిల్టర్ నీళ్లతోనో కడగండి. లైన్‌ను మర్చిపోకండి. చుట్టల మధ్య చిక్కిన ఉప్పు తేమను పీల్చుకుంటూ అల్యూమినియం స్పూల్‌ను కింది నుంచి తినేస్తుంది. తడిసినంత మేర లైన్ విప్పి, తడిపి, ఆరబెట్టి చుట్టండి. తడి రీలును గుడ్డ సంచిలో పెట్టి జిప్ వేసి అల్మారాలో పెట్టారంటే, నాకు ఫోన్ చేయడానికి రెండు నెలలు పట్టదు.

అపోహ: తుప్పు పట్టకుండా స్ప్రే కొడితే చాలు.

వాస్తవం: డబ్ల్యూడీ-40 పేరులోనే దాని పని ఉంది: నీటిని తోసేయడం, 40వ ప్రయత్నం. డబ్బా తప్పేం లేదు, బయటి మరలకు, స్పూల్ మీదికి లైన్‌ను మళ్లించే బెయిల్ తీగకు బాగానే పనికొస్తుంది. కానీ గేర్ల మీద కొడితే ఉన్న గ్రీజును కూడా కడిగేస్తుంది. గేర్లకు సముద్రపు నీటిని తట్టుకునే గ్రీజు, బేరింగులకు ఒకటి రెండు చుక్కల పల్చటి నూనె. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగ్‌కు మాత్రం గ్రీజు పట్టించకండి. రోలర్లు జారి, చేప లాగినప్పుడు హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది. కార్బన్ డ్రాగ్ వాషర్లకైతే డ్రాగ్ కోసమే చేసిన గ్రీజు పల్చగా పూయాలి, చేతికి దొరికిన నూనె కాదు.

అపోహ: ఎన్ని బేరింగులుంటే అంత మంచి రీలు.

వాస్తవం: ఉప్పునీటిలో ఎన్ని బేరింగులుంటే అన్ని తుప్పు పట్టే చోట్లు. మంచివి నాలుగు చాలు. పాడైతే రాణిగంజ్‌లో వెతకొచ్చు, బేరింగ్ మీద నంబరు రాసి ఉంటుంది. 697 అంటే లోపల 7, బయట 17, మందం 5 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ కావాలని గట్టిగా అడగండి, మామూలు ఉక్కుది ఇస్తే ఒక్క వేటకే ఎర్రబడుతుంది.

అపోహ: లైన్ పోతుంటే హ్యాండిల్ ఇంకా స్పీడుగా తిప్పాలి.

వాస్తవం: స్పూల్ కదలకుండా ఉండి, దాని చుట్టూ లైన్ చుట్టుకునే స్పిన్నింగ్ రీలులో డ్రాగ్ జారుతుండగా తిప్పితే చేప ఒక్క అంగుళం కూడా రాదు, లైన్ మెలిక తిరుగుతుందంతే. 5:1 గేరైతే హ్యాండిల్ ఒక్క చుట్టుకు 5 మెలికలు. చేప పోతుంటే పోనివ్వండి. ఆగాక రాడ్ ఎత్తండి, దించుతూ చుట్టండి. గేర్ నిష్పత్తి ఎక్కువైతే మంచిదన్నదీ ఇలాంటిదే. సైకిల్ మీద ఎత్తెక్కేటప్పుడు ఏ గేరు వేస్తారో, లోతు నుంచి బరువైన చేపను లేపడానికీ అదే.

సొంతంగా విప్పుతామంటే సంతోషమే. కింద తెల్ల తువ్వాలు పరవండి, అడుగడుగునా ఫోన్‌లో ఫొటో తీయండి. స్ప్రింగ్ ఎగిరిపోతే సోఫా కిందే ఉంటుంది, లేదంటే ఎక్కడా ఉండదు. అల్యూమినియం బాడీలోకి పోయే స్టీలు మరలకు బిగించేముందు గ్రీజు రాయండి, లేకపోతే ఏడాది తర్వాత అవి రావు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. రీలు విప్పడానికి అంతకన్నా మంచి కాలం లేదు. అయినా అందరికీ గుర్తొచ్చేది మృగశిర కార్తె రోజు రాంనగర్ చేపల మార్కెట్ లైన్లో నిలబడ్డప్పుడే. అప్పటికి నిషేధం ఇంకో వారమే మిగిలి ఉంటుంది, నా బల్ల మీద చోటు మాత్రం మిగలదు.