శ్రీకాకుళం దాకా తప్పెటగుళ్ళ మోత

విజయనగరం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

విజయనగరంలో ఎంతమంది కలిసి తప్పెటగుళ్ళు వాయిస్తే శ్రీకాకుళంలో మీకు వినిపిస్తుందని మీరు రాసిన ప్రశ్నకు మీ నాయనమ్మ నవ్వింది గాని, నాకు మాత్రం అది చక్కని లెక్కగా తోచింది.

ధ్వనిని కొలిచే డెసిబెల్ మామూలు కూడికకు లొంగదు. ఒక తప్పెట 90 డెసిబెళ్ళు మోగితే రెండు కలిసి 180 కావు, 93 మాత్రమే అవుతాయి. పది కలిస్తే 100, వంద కలిస్తే 110. దూరం ఇంతకన్నా నిర్దయగా ఉంటుంది. అది పది రెట్లయిన ప్రతిసారీ ఇరవై డెసిబెళ్ళు తరిగిపోతాయి, ఎందుకంటే నలువైపులా పరచుకుంటూ పోయే ధ్వనిలో ఉన్న అదే శక్తి వంద రెట్ల వైశాల్యం మీద పలచబడుతుంది.

రొమ్ముకు కట్టుకుని వాయించే ఒక తప్పెట మీటరు దూరంలో 90 డెసిబెళ్ళు మోగుతుందనీ, మన ఊళ్ళ మధ్య 60 కిలోమీటర్లనీ అనుకుందాం. మిమ్మల్ని చేరేసరికి 95.6 డెసిబెళ్ళు తరిగి, సున్నాకు 5.6 తక్కువ మిగులుతుంది. సున్నా అంటే ఆరోగ్యమైన చెవి పట్టుకోగల కనీస ధ్వని గనుక, మీకు ఏమీ వినిపించదన్నమాట. రాత్రి మీ డాబా మీద 40 డెసిబెళ్ళు వినిపించాలంటే ఇంకా 45.6 కావాలి, అందుకు సుమారు 36 వేల మంది వాయించాలి. సిరిమానోత్సవానికి లక్షల జనం వచ్చే ఊరికి ఇదేమంత పెద్ద సంఖ్య కాదని మీరు సంబరపడవచ్చు.

అక్కడే గాలి అడ్డు తగులుతుంది. కీచుధ్వనులను ఎక్కువగానూ, బరువైన ధ్వనులను తక్కువగానూ అది మింగేస్తుంది. కిలోమీటరుకు ఒక్క డెసిబెలే పోతుందని ఉదారంగా లెక్క వేసినా మరో 60 డెసిబెళ్ళ లోటు వస్తుంది; దాన్ని పూడ్చడానికి పది లక్షల రెట్ల మంది, అంటే 3,600 కోట్ల మంది కావాలి. భూమి మీద ఉన్నదే 800 కోట్ల చిల్లర. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన మోత 4,800 కిలోమీటర్ల అవతల రోడ్రిగ్స్ దీవిలో వినబడింది కదా అని మీలో పెద్దవాడు తప్పక అడుగుతాడు. ఆ పేలుడు శక్తికి తప్పెటలతో పోలికే లేదు, పైగా అంత బరువైన ధ్వనిని గాలి చాలా తక్కువగా మింగుతుంది.

ఒక్క తప్పెట అయితే, సద్దుమణిగిన రాత్రి, సుమారు 300 మీటర్ల దాకా 40 డెసిబెళ్ళతో చేరుతుంది. వందమంది వాయిస్తే, గాలిని పక్కనపెట్టి చూస్తే, అది 3 కిలోమీటర్లకు మించుతుంది. గాలి మింగేదాన్ని కూడా కలిపితే ఆ దూరం ఎంతకు తగ్గుతుందో మీరే లెక్క కట్టి, వేసిన అంకెలన్నీ చెరిపేయకుండా నాకు పంపండి.

మీ తాతయ్య