పరుగు రాని ప్రాణుల ఎత్తుగడలు

సముద్రం అడుగున బతికే వెన్నెముక లేని జీవుల్లో చాలావాటికి పరుగు రాదు. వేటాడే చేప మీదికొచ్చిందంటే ఉన్నచోటే తేల్చుకోవాలి. నత్తకి చిప్ప ఉంది, అర్చిన్ అనే గుండ్రటి జీవికి ముళ్ళున్నాయి. వాటి సంగతి చూడగానే తెలుస్తుంది. అసలు తమాషా అంతా కవచం లేని మెత్తటి ఒళ్ళవాళ్ళది.

దోసకాయలా పొడుగ్గా, మెత్తగా ఉండే సముద్ర దోసకాయ అనే జీవినే తీసుకోండి. పీత వచ్చి గిల్లిందంటే కొన్ని జాతులు ఒళ్ళు బిగించి, మలద్వారం గుండా సన్నటి తెల్ల గొట్టాలను బయటికి చిమ్ముతాయి. నీళ్ళలో అవి అసలు పొడవుకి 20 రెట్ల దాకా సాగగలవు. దేనికైనా తగిలిన మరుక్షణం జిగురులా అతుక్కుపోతాయి. పీత విదిలించుకోబోయి ఇంకా చిక్కుపడుతుంది. ఈలోగా దోసకాయ నింపాదిగా పాక్కుంటూ పోతుంది. ఊడిన గొట్టాలు కొన్ని వారాల్లో మళ్ళీ మొలుస్తాయి. ఇంకొన్ని జాతులు ఏకంగా పేగులే వదిలేస్తాయి; వాటినీ తిరిగి పెంచుకుంటాయి. చర్మంలో సపోనిన్లనే విషాలు ఉండనే ఉన్నాయి.

నూడిబ్రాంకులనే చిప్పలేని నత్తలది దొంగ తెలివి. హైడ్రాయిడ్లు, ఎనిమోన్లు అనే, రాళ్ళలాంటివాటికి అతుక్కుని బతికే మెత్తటి జీవుల ఒంట్లో ముట్టుకుంటే పేలే సూక్ష్మమైన విషపు ముళ్ళుంటాయి. కొన్ని నూడిబ్రాంకులు వాటినే మేస్తాయి. నోటిలో, పేగులో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థపు పొర, జిగట స్రావం ఈ నత్తల్ని కాపాడతాయి. ఇంకా పక్వానికి రాని ముళ్ళు పేలకుండా జీర్ణనాళం దాటి, వీపు మీది వేళ్ళలాంటి కొమ్మల కొసల్లో ఉన్న సంచుల్లోకి చేరతాయి. అక్కడే పదును తేలతాయి. నత్తని కొరకబోయిన చేపకి దక్కేది ఎనిమోన్ విషమే. తిండిలోంచి ఆయుధం తీసుకోవడమంటే ఇదీ!

లైబియా అనే చిన్న పీతకి దొంగిలించే ఓపిక కూడా లేదు. రెండు డెక్కల్లో చెరో బతికున్న ఎనిమోన్‌నీ పట్టుకుని, దగ్గరికొచ్చినవాళ్ళ మీదికి ఊపుతుంది. ఎర్ర సముద్రపు లైబియాల మీద 2017లో ఒక అధ్యయనం వెలువడింది. ఒక ఎనిమోన్‌ని లాగేస్తే, పీత మిగిలినదాన్ని సాగదీసి రెండు ముక్కలు చేసిందట. ముక్కలు రెండూ కొన్నాళ్ళకి నిండు ఎనిమోన్లయ్యాయి. ఎదుటి పీత దగ్గర లాక్కోవడానికీ ఇది వెనకాడదు. పైగా, ఎనిమోన్‌కి చిక్కిన తిండిని కూడా తనే లాగి తింటుంది. అందుకే డెక్కల్లో ఉన్నంతకాలం ఆ ఎనిమోన్లు చిన్నవిగానే ఉండిపోతాయి. విడిగా ఉంచి తిండి పెడితే మాత్రం బాగా పెరుగుతాయి.