విజిల్ ఎన్నోది?

పొద్దున ఆరూ నలభై. అనంతపురంలో మా వంటింట్లో పప్పు ఉడుకుతోంది. నాలుగు విజిళ్లు రావాలి. పాపకు జడ వేస్తూ లెక్క పెడుతున్నాను. ఒకటి, రెండు. ఇంతలో కొళాయికి నీళ్లొచ్చాయని పక్కింటక్క కేకేసింది. బిందె పెట్టొచ్చి మళ్లీ జడ పట్టుకునేసరికి కుక్కర్ కూసింది. మూడోదా, నాలుగోదా? అంతే, గుండె దడదడలాడింది. పప్పు కాస్త మెత్తనైతే కొంపేం మునగదు. ఆ సంగతి నాకు తెలుసు, నా గుండెకే తెలియదు.

దాని తప్పేం లేదు. గట్టు మీద పాము కనపడినా, ఆఫీసు నుంచి ఫోనొచ్చినా మెదడు మోగించేది ఒకటే గంట. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు కబురు పోతుంది. క్షణాల్లో అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలో కలిసి గుండె వేగం పెరుగుతుంది. దాని వెనకే నిదానంగా కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ వస్తుంది. అది పూర్తిగా ఎక్కడానికి ఇరవై ముప్పై నిమిషాలు, దిగడానికి గంట పైనే పడుతుంది. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త నేచర్ పత్రికలో ఒక చిన్న లేఖ రాశాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, మందులెక్కించినా వాటి శరీరాలు ఒకే తీరుగా మారుతున్నాయని అందులో చెప్పాడు. ఒత్తిడి గురించిన పరిశోధన ఊపందుకున్నది అక్కడి నుంచే.

టెన్షన్ చెడ్డదేం కాదు. అది లేకపోతే పొద్దున బస్సు అందుకోలేం. ఎక్కిన కార్టిసాల్ దిగేలోపే ఇంకో పని తరుముకొస్తుందే, అదీ చిక్కు. పైగా ఆడవాళ్ల పనిలో సగం చేతుల్లో ఉండదు, తలలో ఉంటుంది. పాలు తోడెయ్యాలి, గ్యాస్ బుక్ చెయ్యాలి, పాప ఫీజుకి ఆఖరి తేదీ ఎప్పుడో.

సగంలో ఆగిన పని మనసును ఎలా పట్టుకుంటుందో బ్లూమా జైగార్నిక్ అనే ఆవిడ బెర్లిన్‌లో చదువుకుంటూ పరీక్షించి 1927లో ప్రచురించింది. చిన్న చిన్న పనులిచ్చి, కొన్నింటిని మధ్యలో ఆపిస్తే, ఆపిన పనులే జనానికి ఎక్కువగా గుర్తున్నాయట. తర్వాతి ప్రయోగాల్లో కొన్నింటిలో ఆ లెక్క తేలలేదు. కానీ పూర్తికాని పని లోపల గిల్లుతూనే ఉంటుందని 2011లో మాసికాంపో, బామీస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు వేరే దారిలో చూపించారు. దాంతోపాటే ఇంకో మంచి మాటా చెప్పారు. పని అయిపోనక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో తేల్చుకుంటే చాలు, ఆ గిల్లుడు తగ్గుతుంది. 2018లో అమెరికాలో 57 మందితో ఇంకో చిన్న ప్రయోగం జరిగింది. పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే పనులు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారు.

నేను పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే రాస్తాను. ఉత్త 'గ్యాస్' అని రాస్తే పని చెయ్యదు, 'గురువారం, టీ తాగేటప్పుడు గ్యాస్' అని రాయాలి.

ఇక ఊపిరి సంగతి. మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నాడి చూసుకోండి. గాలి పీల్చేటప్పుడు కాస్త వడిగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండె దాకా వచ్చే వేగస్ అనే నరం గాలి వదిలేటప్పుడు కళ్లెం బిగిస్తుంది. వదలడం ఎంత సాగితే గుండెకు అంత నెమ్మది. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డీ బృందం 23 మంది చేత జపమాల ప్రార్థన, మంత్రం చదివించి చూసింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి వచ్చింది. మా అవ్వ సాయంత్రం పూట గోవింద నామాలు సాగదీసి చెప్పేది. ఆమె కూడా ఊపిరి అంతే నిదానంగా వదిలేదేమో. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లు బస్టాండులో నిలబడి ఊరికే నిట్టూర్చినా సరిపోతుంది. ముక్కుతో పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో మెల్లగా వదలాలి. రోజుకు ఐదు నిమిషాలు నెల రోజులు ఇలా చేసినవాళ్ల మనసు తేలికపడిందని 2023లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించారు.

నడక, నిద్ర గురించి అందరూ చెప్పేదే, నేను మళ్లీ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఎప్పుడూ నీరసం, మెట్లెక్కితే దడ ఉంటే టెన్షన్ అని సరిపెట్టుకోకుండా ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వారాల తరబడి నిద్ర లేక, ఏడుపు ఆగకుండా ఉంటే మాత్రం చిట్కాలు పక్కన పెట్టి డాక్టరును కలవాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు.

ఏరువాకకు ముందు మా ఊళ్లో విత్తనానికి చెనక్కాయలు చేత్తో వలిచేవాళ్లు. మిషనులో వేస్తే పప్పు పగిలి మొలక దెబ్బతింటుందని. వసారాలో ఏడెనిమిది మంది ఆడవాళ్లు కాయల కుప్ప చుట్టూ కూర్చునేవాళ్లు. టపటపా పొట్టు చిట్లే చప్పుడు, మధ్యలో 'ఏం మే, నీ కోడలు యాడికి పోయింది?' అని ఎకసెక్కాలు. వేళ్లు నొప్పి పుట్టినా, లేచేటప్పుడు ముఖాలు తేటగా ఉండేవి. ఒత్తిడి వస్తే తిరగబడటం, పారిపోవడం అని పుస్తకాలు చెప్పేవి. ఆ పరిశోధనల్లో ఎక్కువ భాగం మగవాళ్ల మీద, మగ ఎలుకల మీద జరిగినవేనని 2000లో షెల్లీ టేలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఎత్తిచూపింది. ఆడవాళ్లలో పిల్లల్ని దగ్గరికి తీసుకోవడం, తోటివాళ్లతో చేరడం అనే ఇంకో దారి ఉందని వాళ్ల వాదన. మా వసారా చూసినదాన్ని కాబట్టి నేను నమ్ముతాను. ఫోన్‌లో మెసేజ్ పెట్టుకోవడం దానికి సాటి రాదని నా అనుమానం.

ఇవన్నీ చెప్పేవాళ్లు చివర్లో 'మీకంటూ కాస్త సమయం కేటాయించుకోండి' అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఎక్కడి నుంచి తేవాలి? మన దేశంలో 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెట్టారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లే తక్కువ, చేసేవాళ్లు కూడా 97 నిమిషాలు. ఈ తేడా ఊపిరి పీల్చి వదిలితే పోదు.

'చెప్పుంటే చేసేవాణ్ణి కదా' అంటాడు మా ఆయన. చెప్పడమే సగం పని, గుర్తు పెట్టుకున్నాకే కదా చెప్పేది! అందుకని పోయిన నెల పాలు తోడెయ్యడం మొత్తంగా ఆయనకు అప్పగించాను, గుర్తు పెట్టుకోవడంతో సహా. మొదటి రాత్రి మరిచిపోయాడు. రెండో రాత్రి వేడి పాలలోనే వేస్తే విరిగి నీళ్లు నీళ్లయింది. నోరు మూసుకున్నాను, ఊరిబిండితో అన్నం తిన్నాం. నాలుగో రాత్రి పదకొండుకు తోడు చూడటానికి నేను అలవాటుగా లేవలేదు. పెరుగు తోడుకుందో లేదో పొద్దున గిన్నె మూత తీసేదాకా నాకు తెలియదు.