బాణం ఒక దిక్కు, ఎలక్ట్రాన్ మరో దిక్కు: ఈ చిక్కు ఎలా వచ్చింది?

పాఠ్యపుస్తకంలో బ్యాటరీ ధన ధ్రువం నుంచి బల్బు మీదుగా రుణ ధ్రువానికి బాణం గీసి, అదే విద్యుత్ ప్రవాహ దిశ అంటారు. ఆ వెంటనే, తీగలో కదిలేవి రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లనీ, అవి ఆ బాణానికి ఎదురుగా వెళతాయనీ చెబుతారు. ఎందుకో చెప్పకుండా పాఠం ముందుకు సాగిపోతుంది. పిల్లలకు చేసే అన్యాయం ఇదే.

1733లో ఫ్రాన్స్‌కు చెందిన దు ఫే విద్యుత్తు రెండు రకాలన్నారు: గాజును రుద్దితే వచ్చేది ఒకటి, అంబరు, లక్క వంటివాటిని రుద్దితే వచ్చేది మరొకటి. 1747లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ దాన్ని కాదని, ఉన్నది ఒకే ప్రవాహి అన్నారు. అది ఎక్కువైతే ధనం, తక్కువైతే రుణం. మిగులు, లోటు అన్న ఆయన ఊహకు మన ధన, రుణ పదాలు చక్కగా అతుకుతాయి. రుద్దిన గాజుకు మిగులు వచ్చిందని ఆయన అనుకున్నారు. నిజానికి పట్టుతో రుద్దినప్పుడు గాజు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటుంది. అది తెలుసుకునే సాధనమేదీ ఆనాడు లేదు. దాన్ని ‘ఫ్రాంక్లిన్ తప్పు’ అనడం నాకు సమ్మతం కాదు.

1820లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆంపియర్ ధనావేశం కదిలే దిక్కునే ప్రవాహ దిశగా తీసుకున్నారు. 1897లో కేంబ్రిడ్జ్‌లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించేనాటికి సూత్రాలు, మీటర్లు అన్నీ ఆ దిశకే అలవాటుపడి ఉన్నాయి.

లోహపు తీగలో కదిలేది ఎలక్ట్రానే అనడానికి చక్కని రుజువు 1916లో దొరికింది. టోల్మన్, స్టీవర్ట్ అనే శాస్త్రవేత్తలు తీగచుట్టను వేగంగా తిప్పి ఒక్కసారిగా ఆపారు. బస్సుకు బ్రేకు పడితే మనం ముందుకు తూలినట్టే తీగలోని ఆవేశాలు ముందుకు సాగి, క్షణకాలం విద్యుత్తు పుట్టింది. దాని దిశను బట్టి అవి రుణావేశాలని తేలింది. వాటి ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తి కూడా ఎలక్ట్రాన్‌కు దగ్గరగానే వచ్చింది.

అయినా బాణాన్ని తిప్పి గీయాల్సిన అవసరం రాలేదు. విద్యుత్ ప్రవాహమంటే సెకనుకు దాటే ఆవేశమే తప్ప ఎలక్ట్రాన్ల పరుగు కాదు. ఉప్పునీటిలో ధన, రుణ అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) రెండూ ఎదురెదురుగా కదులుతాయి. రుణావేశం వెనక్కి కదిలినా, ధనావేశం ముందుకు కదిలినా ఫలితం ఒకటే కాబట్టి, రెండూ కలిసి ఒకే దిశలో ప్రవాహమవుతాయి. ప్రవాహాన్ని కొలిచే ప్రమాణానికి ఆంపియర్ పేరే పెట్టారు; ఒక ఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62 వేల కోట్ల కోట్ల ఎలక్ట్రాన్ల ఆవేశం దాటడం. అడ్డుకోత వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో అంత ప్రవాహం ఉన్నా, ఎలక్ట్రాన్ల సగటు కదలిక సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. 2019 మే 20 నుంచి ఆంపియర్ నిర్వచనం కూడా ఒక్క ఎలక్ట్రాన్ మోసే ఆవేశ పరిమాణం మీదే ఆధారపడి ఉంది.