దొంగల మధ్య దొంగతనం: ఆస్ట్రేలియా జైళ్లపై అపోహలు - వాస్తవాలు

సిడ్నీ జైల్లో ఆఫీసర్‌నని చెబితే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "లోపలున్నది దొంగలేగా, ఒకరి సామాను ఒకరు కొట్టేయరా?"

అపోహ: దొంగల మధ్య దొంగతనం లెక్కలోకి రాదు.

వాస్తవం: బయట ఎంత దోచుకొచ్చినా లోపల పట్టించుకోరు. తోటి ఖైదీ సెల్‌లో చెయ్యి పెడితే మాత్రం క్షమించరు. జైలు యాసలో సెల్ అంటే 'పీటర్', అందులో దొంగిలించేవాడు 'పీటర్ థీఫ్'. ఒకసారి ఆ ముద్ర పడిందంటే జైలు మారినా వెంటే వస్తుంది. దెబ్బలు తినడమో, రక్షణ కోసం జైల్లోనే వేరే యూనిట్‌కి (విభాగానికి) వెళ్లడమో తప్పదు.

అపోహ: పోయేది డబ్బు.

వాస్తవం: ఖైదీ దగ్గర నోట్లు ఉండనివ్వరు. ఇంటివాళ్లు పంపింది, జైల్లో పనిచేసి సంపాదించింది ఖాతాలోనే ఉంటుంది. దాంతో 'బై-అప్' ఫారం నింపి సరుకులు తెప్పించుకుంటారు. ట్యూనా చేప, నూడుల్స్, కాఫీ. పోయేవి ఇవే. ఒకప్పుడు పొగాకే అక్కడి రూపాయి. 2015 ఆగస్టులో న్యూ సౌత్ వేల్స్ (సిడ్నీ ఉన్న రాష్ట్రం) జైళ్లలో పొగ తాగడం నిషేధించాక, దొంగచాటుగా వచ్చే పొగాకు ధర ఆకాశానికంటింది.

అపోహ: ఏదైనా పోతే ఆఫీసర్‌కి చెప్తే సరి.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. చెప్పినవాడిని 'డాగ్' అంటారు. దొంగ కన్నా హీనంగా చూస్తారు. అందుకే కొత్త కుర్రాళ్లు నోరు మెదపరు. బై-అప్ సంచి నిండుగా తీసుకెళ్లిన పిల్లాడి సెల్‌లో సాయంత్రానికి ఒక్క ప్యాకెట్ కూడా మిగలదు. అడిగితే నేల చూపులు చూస్తూ "తినేశాను మిస్" అంటాడు. ఒక్క పూటలో అంత ట్యూనా ఎవరు తింటారు? అది దొంగతనం కూడా కాదు, బెదిరించి లాక్కోవడం. 'స్టాండోవర్' అంటారు. చాలాసార్లు ఇది అప్పుతో మొదలవుతుంది: ముందు స్నేహంగా కాఫీ ఇస్తారు, వారం తిరిగేసరికి రెండింతలు అడుగుతారు.

అపోహ: ఇంకాస్త డబ్బు పంపితే గొడవ తీరుతుంది.

వాస్తవం: తీరదు, పెరుగుతుంది. జైల్లో ఉన్న మీ అబ్బాయి ప్రతి ఫోన్‌లోనూ "ఇంకొంచెం వేయండి నాన్నా" అంటుంటే అనుమానించండి. కానీ ఫోన్‌లో పేర్లు అడగొద్దు. కాల్స్ రికార్డవుతాయి, పక్కనున్నవాళ్లూ వినవచ్చు. ములాఖత్‌లో నెమ్మదిగా అడగండి. యూనిట్ మార్చమని అతను కోరవచ్చు. ఖైదీల ఫిర్యాదులు వినడానికి బయటి నుంచి జైలుకి వచ్చే అఫీషియల్ విజిటర్‌తో విడిగా మాట్లాడవచ్చు. జైలు ఫోన్ నుంచే అంబుడ్స్‌మన్‌కి (ప్రభుత్వ సంస్థలపై ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి) ఫోన్ చేయవచ్చు. ఆ కాల్ ఉచితం, రికార్డు చేయరు.