గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో గేమింగ్ కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చే మనవాళ్లు చాలామంది "కార్డు పోయింది, కొత్తది చూపించండి" అంటూనే లోపలికి వస్తారు. కార్డు నిజంగా చెడిపోయినప్పుడు సాధారణంగా తెర మీద గీతలో రంగు చుక్కలో కనిపిస్తాయి, లేదా ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతుంది. అవేవీ లేకుండా ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద పడే ఫ్రేముల సంఖ్య) ఒక్కటే తగ్గినప్పుడు, నేను ముందుగా కార్డు చుట్టూ ఉన్న వాటినే పరీక్షిస్తాను.

అపోహ: ఆట నెమ్మదించిందంటే కార్డుకు శక్తి చాలడం లేదు.

వాస్తవం: ఆట నడుస్తుండగా ఆఫ్టర్‌బర్నర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో కార్డు వాడకం ఎంతో చూడాలి. అది 95 శాతం దాటి ఉంటే కార్డు తన పని పూర్తిగా చేస్తున్నట్టే. వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ను మానిటర్ వేగానికి కట్టేసే అమరిక), ఎఫ్‌పీఎస్ పరిమితి రెండూ తీసేసిన తరువాత కూడా 50, 60 శాతం దగ్గరే నిలిచిపోతే మాత్రం అది పని లేక ఎదురు చూస్తోందని అర్థం. రిజల్యూషన్‌ను 1080 నుంచి 720కి దించినా ఎఫ్‌పీఎస్ పెరగకపోతే అడ్డు ప్రాసెసర్ దగ్గరో ర్యామ్ దగ్గరో ఉంటుంది. "ప్రాసెసర్ 40 శాతమే వాడుతోంది కదా" అని చాలామంది అడుగుతారు. పన్నెండు థ్రెడ్ల (ఒకేసారి సాగే పనుల వరుసల) ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది 8 శాతమే అవుతుంది కనుక, ఆటను నడిపే ప్రధాన థ్రెడ్ ఊపిరాడక ఉన్న సంగతి ఆ అంకెలో కనపడదు.

వేళచ్చేరిలో ఉంటున్న గూడూరు కుర్రాడొకడు "అన్నా, కార్డు మార్చేద్దాం, డబ్బులు తెచ్చుకున్నా" అని క్యాబినెట్ బల్ల మీద పెట్టాడు. సైడ్ ప్యానెల్ తీసి చూస్తే నాలుగు స్లాట్లలో ఒక్కటే ర్యామ్ స్టిక్ ఉంది. దాని మీద వేగం 3200 అని రాసి ఉన్నా, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులలో) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయనందున 2133 వద్దే నడుస్తోంది. అదే రకం మరో స్టిక్ తెప్పించి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో అమర్చి, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాము. ఆటలో కుదుపులు పోయాయి, కార్డు వాడకం పెరిగింది, కార్డు కోసం తెచ్చుకున్న డబ్బులో ఎక్కువ భాగం అతని జేబులోనే మిగిలింది. కష్టపడి కూడబెట్టిన సొమ్ము ఇలా మిగిలినప్పుడు నాకు కలిగే తృప్తి ఇంతా అంతా కాదు.

అపోహ: పొడవాటి స్లాట్ ఏదైనా ఒకటే.

వాస్తవం: చాలా మదర్‌బోర్డులలో కింది పొడవాటి స్లాట్‌కు నాలుగు లేన్లే (డేటా నడిచే దారులే) ఉంటాయి, కాబట్టి కార్డును పై స్లాట్‌లోనే పెట్టాలి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ వంటి కార్డుకైతే అసలు నాలుగే లేన్లు. కార్డును బోర్డుకు కలిపే పీసీఐఈ 3.0 తరానిది మాత్రమే అయిన పాత బోర్డులో, 4.0తో పోలిస్తే ఆ దారి వేగం సగానికి తగ్గి, సెకనుకు సుమారు 4 జీబీకి పడిపోతుంది. 4 జీబీ వీడియో మెమరీ నిండి టెక్స్చర్లు (ఆటలోని వస్తువుల మీద పరిచే బొమ్మలు) ర్యామ్‌లోకి పొంగినప్పుడు ఆ ఇరుకు స్పష్టంగా తెలుస్తుంది. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌లో లేన్ల వేగం చూసేవారు కార్డు మీద భారం పెట్టి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్తు ఆదా కోసం ఆ వేగం తగ్గి కనిపించడం సహజం.

అపోహ: ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే వేడి సమస్య లేదు.

వాస్తవం: గది వేడి 10 డిగ్రీలు పెరిగితే కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది, అందువల్ల జనవరిలో సాఫీగా నడిచిన కార్డు చెన్నై మే నెలలో తన వేగాన్ని తానే తగ్గించుకోవచ్చు. పైనుంచి రెక్కలు శుభ్రంగా కనిపించినా, మూత విప్పితే ఫ్యాన్‌కూ అల్యూమినియం రేకులకూ మధ్య కంబళి ముక్కలా దుమ్ము పేరుకుని ఉంటుంది. పట్టకారుతో ఒక అంచు పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడి వస్తుంది. బ్లోయర్ వాడేటప్పుడు రెక్కలను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అదుపు లేని వేగంతో తిరిగి బేరింగులు దెబ్బతింటాయి. శుభ్రం చేసిన తరువాత కూడా కోర్ వేడికీ హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడెక్కిన చోటు) వేడికీ తేడా 30 డిగ్రీలు దాటుతుంటే థర్మల్ పేస్టు మార్చవలసి ఉంటుంది.

మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చడం, 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్‌లో 60 దగ్గరే వదిలేయడం ఇప్పటికీ వారం వారం చూస్తూనే ఉన్నాను. వీటికి వివరణ అక్కరలేదు, సరిచేయడానికి ఒక్క నిమిషం చాలు.

చివరిగా, ఏ తేడా వచ్చినా డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మళ్లీ వేస్తే సరిపోతుందన్న నమ్మకం. అప్‌డేట్ చేసిన రోజు నుంచే వేగం తగ్గి ఉంటే, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తొలగించే సాఫ్ట్‌వేర్‌తో ఇప్పుడున్న డ్రైవర్‌ను పూర్తిగా తీసేసి, అంతకు ముందటి వెర్షన్ వేసి చూడాలి. అప్‌డేట్‌తో సంబంధం లేకుండా నెమ్మదించిన కంప్యూటర్‌ను నేను డ్రైవర్‌తో కాదు, స్క్రూ డ్రైవర్‌తో మొదలుపెడతాను.