టెన్షన్ పడితే నిలవదా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏదైనా సంతాన సాఫల్య కేంద్రంలో ఒక పూట కూర్చుంటే ఈ మాట కచ్చితంగా చెవిన పడుతుంది: "టెన్షన్ పెట్టుకోకు తల్లీ, టెన్షన్ పడితే నిలవదు." చెప్పేది అత్తగారు కావచ్చు, సొంత అమ్మే కావచ్చు, రక్తం తీసే నర్సమ్మ కావచ్చు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. కానీ వినే అమ్మాయికి దిగులుతో పాటు, దిగులు పడుతున్నానే అన్న భయం కూడా మొదలవుతుంది. రేపు ఫలితం నెగటివ్ వస్తే ఆ నేరం కూడా ఆమె నెత్తిమీదకే వస్తుంది.

ఆ మాటకు ఆధారం లేదు. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జాకీ బోయివిన్ బృందం 14 అధ్యయనాలను, వాటిలోని 3,583 మంది మహిళల వివరాలను కలిపి చూసి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. వాళ్లలో చికిత్స మొదలయ్యే ముందే ఆందోళన, దిగులు ఎంత ఉన్నాయో కొలిచారు. తర్వాత గర్భం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ మధ్య ఆ కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి పిండం ఎందుకు నిలవదు? ఎక్కువసార్లు కారణం పిండంలోనే ఉంటుంది. అండం 23, శుక్రకణం 23 క్రోమోజోములు తెస్తే మొత్తం 46 కావాలి. ఒకటి ఎక్కువో తక్కువో అయితే చాలావరకు ఆ పిండం ఎదుగుదల తొలి రోజుల్లోనే ఆగిపోతుంది. ఈ పొరపాటు ఎక్కువగా అండం పక్వమయ్యే దశలో జరుగుతుంది, వయసు పెరిగే కొద్దీ పెరుగుతుంది. ఆ సాయంత్రం అమ్మాయి ఏడ్చిందా నవ్విందా అన్నదానితో దానికి పనిలేదు. ఏ సమస్యా లేని జంటకు కూడా ఒక నెలలో గర్భం వచ్చే అవకాశం ఐదింట ఒకటో, నాలుగింట ఒకటో మాత్రమే. అండాన్నీ శుక్రకణాన్నీ ఒంటి బయట కలిపి పిండం తయారు చేసే ఐవీఎఫ్‌లో, 35 ఏళ్ల లోపు వారికి ఒక ట్రాన్స్‌ఫర్‌తో, అంటే పిండాన్ని ఒకసారి గర్భాశయంలో పెట్టడంతో, బిడ్డ చేతికొచ్చే అవకాశం స్థూలంగా మూడో వంతుకూ సగానికీ మధ్య ఉంటుంది. 40 దాటాక సొంత అండాలతో అది బాగా పడిపోతుంది. ఈ పద్ధతి పుట్టిన కథలోనూ ఓటములే ఎక్కువ. 1969 నుంచి 1978 వరకు ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో 282 మంది మహిళలు ఈ ప్రయత్నానికి ముందుకొస్తే బిడ్డను ఎత్తుకున్నవాళ్లు ఇద్దరే. అందులో మొదటి బిడ్డే 1978 జులై 25న పుట్టిన లూయిస్ బ్రౌన్.

ఆందోళన వల్ల గర్భం పోదు అంటే ఆందోళన చిన్న విషయమని కాదు. అమెరికాలో అలిస్ డోమార్ బృందం 1993లో సంతానం కోసం చికిత్స తీసుకుంటున్న మహిళల మానసిక స్థితిని వేరే రోగులతో పోల్చింది. వీళ్ల ఆందోళన, కుంగుబాటు క్యాన్సర్ రోగులతో, గుండెజబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లతో ఇంచుమించు సమానంగా తేలాయి. క్యాన్సర్ వచ్చిన మనిషిని చూడటానికి ఊరంతా కదులుతుంది. ఐవీఎఫ్ చేయించుకుంటున్న అమ్మాయి ఆ సంగతి ఆడపడుచుకు కూడా చెప్పుకోలేదు.

ఈ ఎగుడుదిగుళ్లలో కొంత భాగం నేరుగా మందులదే. మా పిన్ని కూతురు తెనాలి నుంచి గుంటూరు తిరిగి చికిత్స తీసుకున్న రోజులు నాకు గుర్తు. మే నెల ఎండలో ఐస్ జెల్ ప్యాకెట్ల మధ్య ఇంజెక్షన్లు పెట్టుకుని, ఒళ్లో చిన్న డబ్బాతో బస్సులో వచ్చేది. రోజూ సాయంత్రం ఒకే వేళకు బొడ్డుకు రెండు వేళ్ల దూరంలో చర్మం ముడత పట్టుకుని పొడుచుకునేది. నిన్న కుడివైపు అయితే ఇవాళ ఎడమవైపు. ఒకరోజు పెరుగు పులిసిందని అరగంట ఏడ్చింది. తర్వాత తనే ఆశ్చర్యపోయింది, "అక్కా, నేనేనా ఇలా ఏడ్చింది" అని. మామూలు నెలలో ఒకే అండం పక్వమైనప్పుడు రక్తంలో ఈస్ట్రడయోల్ అనే హార్మోన్ గరిష్ఠంగా మిల్లీలీటరుకు 200 నుంచి 400 పికోగ్రాముల దాకా వెళుతుంది. ఇంజెక్షన్లతో ఒకేసారి పది అండాలు పెరిగేటప్పుడు అది వేలల్లోకి పోతుంది. మనసును, నిద్రను నడిపే సెరటోనిన్ వంటి రసాయనాల మీద ఈ హార్మోన్ ప్రభావం ఉంటుంది. అందరికీ ఒకేలా ఉండదు, కొందరికి ఏమీ తెలియదు కూడా. కానీ తెలిసినవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అతి చేయడం లేదు.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష దాకా ఉండే ఆ రెండు వారాలు చికిత్స మొత్తంలో కష్టమైనవని చాలామంది చెబుతారు. అప్పటిదాకా రోజూ ఏదో ఒక పని ఉంటుంది: స్కాన్, ఇంజెక్షన్, ఫాలికల్ (అండం పెరిగే చిన్న సంచి) ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందన్న లెక్క. ట్రాన్స్‌ఫర్ తర్వాత చేయడానికి ఏమీ ఉండదు. ఇక ఒంట్లో ప్రతి చిన్న మార్పునూ వెతుక్కోవడమే. ఇక్కడ శరీరం పచ్చిగా మోసం చేస్తుంది. గర్భాశయం లోపలి పొర నిలబడటానికి ఇచ్చే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మందు వల్ల రొమ్ముల్లో సలుపు, కడుపు ఉబ్బరం, మగత, ఒక్కోసారి వికారం వస్తాయి. నిజంగా నెల నిలిచినా అవే లక్షణాలు. లక్షణాలు ఉన్నాయని ఆశపడటానికీ, లేవని కుంగిపోవడానికీ రెండింటికీ ఆధారం లేదు. ఆగలేక మెడికల్ షాపులో కిట్ కొని చూసుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అండాలు తీయడానికి ముందు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌లో చాలాసార్లు ఉండేది గర్భం వస్తే ఒంట్లో తయారయ్యే హెచ్‌సీజీ హార్మోనే, కిట్ పసిగట్టేదీ దాన్నే. ఆ మందు ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఆలోపు కనిపించిన రెండో గీత ఇంజెక్షన్ వల్ల వచ్చిందే కావచ్చు.

ఎదురుచూపు ఎందుకు ఇంత బాధిస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి 2016లో లండన్‌లో జరిగింది. 45 మంది చేత కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాయి కింద పాముందో లేదో ఊహించాలి, పాముంటే చేతికి చురుక్కుమని కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని తెలిసినప్పటి కంటే, తగలొచ్చు తగలకపోవచ్చు అన్న సగంసగం స్థితిలోనే వాళ్లకు చెమట, కంటిపాప పెద్దదవడం, వాళ్లే చెప్పిన ఒత్తిడి అన్నీ ఎక్కువగా ఉన్నాయి. ఐవీఎఫ్ అవకాశాలు చాలామందికి ఆ సగం దగ్గరే తిరుగుతుంటాయి. గర్భాన్ని కరెంటు షాకుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. తెలియకపోవడమే మెదడుకు పెద్ద బరువు అన్నది మాత్రం ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

ఆశ పడిపోయినప్పుడు ఏం జరుగుతుందో కూడా కొంత తెలుసు. 1990లలో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. లైటు వెలిగాక పళ్లరసం వస్తుందని అలవాటైన కోతికి ఒకసారి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రావాల్సిన క్షణంలో ఆ కణాల చలనం మామూలు స్థాయి కంటే కిందకు జారింది. అసలు ఏమీ ఆశించని కోతిలో ఈ జారుడు లేదు. అంటే మెదడు లెక్క వేసేది వచ్చినదాన్ని మాత్రమే కాదు, వస్తుందనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాను.

అందుకే ఆశను ఊరికే పెంచే మాటల మీద నాకు కోపం. 2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల మహిళ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చిన వార్త ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత మన వైపు ప్రతి ఇంట్లోనూ అదే ఉదాహరణ: "ఆవిడకే అయింది, నీకు కాదా?" ఆ పిల్లలు పుట్టింది దాత ఇచ్చిన అండాలతో అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. గర్భాశయం కంటే అండానికే వయసు ముఖ్యం. వయసులో ఉన్న దాత అండం దొరికితే పెద్ద వయసు గర్భాశయం కూడా మోయగలదు, కానీ తల్లి ప్రాణానికి ముప్పు చాలా ఎక్కువ. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన, సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే ఏఆర్‌టీ చట్టం ఇప్పుడు ఈ చికిత్సకు ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 ఏళ్ల పరిమితి పెట్టింది. 38 ఏళ్ల అమ్మాయి సొంత అండాలతో చేసుకునే ప్రయత్నానికి, ఆ గుంటూరు వార్తకు పోలికే లేదు.

ఇక ఫలితం రోజు. పొద్దున రక్తం ఇచ్చి బయలుదేరితే మధ్యాహ్నానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. ఆ సమయానికి అమ్మాయి కాజా టోల్‌గేటు దగ్గర కిక్కిరిసిన బస్సులో నిలబడి ఉండొచ్చు. ఒక అంకె, కింద రిఫరెన్స్ రేంజ్. నెగటివ్ అయితే చాలాసార్లు ఆ రోజే ప్రొజెస్టరాన్ ఆపేయమంటారు. ప్రొజెస్టరాన్ నుంచి శరీరంలో తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం మెదడును నెమ్మదింపజేసే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. మందు ఆగితే అదీ పడిపోతుంది. ఇదే పదార్థాన్ని బాలింత కుంగుబాటుకు మందుగా 2019లో అమెరికా ఆమోదించిందంటే మనసు మీద దాని పట్టు ఎంతో అర్థమవుతుంది. కాబట్టి చెడువార్త, హార్మోన్ల జారుడు ఇంచుమించు ఒకేసారి వచ్చి పడతాయి.

పాజిటివ్ వచ్చినా ఊపిరి పీల్చుకోనివ్వదు. రెండు రోజులకోసారి అంకె పెరుగుతోందా అని మళ్లీ రక్తం, ఆరేడు వారాలకు గుండె చప్పుడు కోసం స్కాన్. పెరిగినట్టే పెరిగి ఆగిపోయే గర్భాలూ ఉంటాయి. నిజంగా ఒక నష్టమే అది, కానీ దానికి పరామర్శ ఉండదు.

భర్తల సంగతి తక్కువగా మాట్లాడుకుంటాం. సంతానం లేని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో మగవాళ్ల వైపు కారణం కూడా ఉంటుంది. అయినా శాంపిల్ ఇచ్చే గది బయట అడుగు పెట్టగానే అతను డ్రైవరు, క్యాషియరు అయిపోతాడు. అతని దిగులు ఎవరూ అడగరు, అతనూ చెప్పడు.

సాయపడేవి కొన్ని ఉన్నాయి. బోయివిన్, లాంకాస్టిల్ అనే పరిశోధకులు ఎదురుచూపు రోజుల కోసం పది వాక్యాలున్న చిన్న కార్డు తయారు చేశారు. రోజుకు కనీసం రెండుసార్లు చదువుకోవాలి. అంతా మంచే జరుగుతుందని అందులో ఉండదు, ఇప్పుడున్న స్థితిలోనే చేయగలిగిన మేలైన పనివైపు ఆలోచన మళ్లిస్తుంది. తర్వాత నెదర్లాండ్స్‌లో పరీక్షిస్తే ఆందోళన తగ్గింది. ట్రాన్స్‌ఫర్ తర్వాత మంచం దిగకూడదన్న నియమానికి మాత్రం లాభం రుజువు కాలేదు. కదలకుండా పడుకుని సీలింగ్ ఫ్యాను చూస్తూ గడపడం కంటే, డాక్టరు వద్దని చెప్పకపోతే మామూలు పని చేసుకోవడమే నయం. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి దగ్గరకు వెళ్తే మనసు కుదుటపడుతుందంటే వెళ్లి రావచ్చు.

రిపోర్టు గురించి ముందే భార్యాభర్తలు మాట్లాడుకోవాలి: ఎవరి ఫోనుకు రావాలి, ఎక్కడ ఉండి చూడాలి, అమ్మానాన్నలకు ఆ రోజే చెప్పాలా, రెండు రోజులు ఆగాలా. ఆసుపత్రి వాళ్లను కూడా అడగొచ్చు. విజయావకాశాలు, ఖర్చు, దుష్ఫలితాల గురించి కౌన్సెలింగ్ ఇవ్వడం ఏఆర్‌టీ చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత, అది సంతకాలు పెట్టించుకోవడంతో తీరిపోదు. నెగటివ్ వచ్చిన తర్వాతి వారాల్లోనే మనిషికి తోడు ఎక్కువ కావాలి. విచిత్రంగా అప్పుడే అపాయింట్‌మెంట్లు ఆగిపోతాయి, ఆసుపత్రి ఫోను మోగదు. అందుకని ట్రాన్స్‌ఫర్ రోజే, ఫలితం ఏదైనా సరే, రివ్యూ తేదీ ఒకటి రాయించుకోవాలి. నిద్ర, తిండి రెండు వారాలకు పైగా దారిలో పడకపోయినా, బతకాలనిపించకపోయినా ఆ తేదీ దాకా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, భర్త కూడా చేయొచ్చు.